పని ఆగకుండ డిస్కు చేర్చుట: ఒక పరిచయం

నాంపల్లి రైల్వే స్టేషనులో కొంతసేపు నిలిచి చూసినవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. బండికి అదనపు పెట్టె తగిలించవలెనంటే, ముందుగా బండి ఆగి తీరవలె. కంప్యూటరు విషయంలోను చాలకాలం ఇదే పద్ధతి సాగింది. డిస్కు నిండితే యంత్రాన్ని ఆపి, మూత విప్పి, కొత్త డిస్కు బిగించి, తిరిగి ప్రారంభించేవారు. నేడు నడుస్తున్న యంత్రానికే డిస్కు చేర్చవచ్చును. ఆ విధానం ఎట్టిదో, అందులో ఏ మెట్టు తప్పితే ఏ నష్టమో విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా దీని ఆవశ్యకతను గమనిద్దాం. ఒక కళాశాలలో ప్రవేశ దరఖాస్తులకు అది చివరి దినం అనుకుందాం. విద్యార్థుల ఫోటోలతో, సర్టిఫికెట్ల నకళ్లతో సర్వరు డిస్కు నిండవచ్చింది. యంత్రాన్ని ఆపి మరల ప్రారంభిస్తే పోయేది కొద్ది నిమిషాలే. కాని ఆబిడ్స్‌లోని ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింత అని రుసుము చెల్లించి కూర్చున్న విద్యార్థిని సగం నింపిన ఫారం ఆ నిమిషాలలోనే పోవచ్చును. ఆపక ఊరుకుంటే డిస్కు పూర్తిగా నిండి, ఆ తరువాత వచ్చిన దరఖాస్తు ఏదీ నమోదు కాదు. ఈ రెండు కష్టాల నడుమ ఉన్న మూడవ దారియే మన పాఠ్యాంశం.

వర్చువల్ మెషీన్ అనగా నేమి? ఆబిడ్స్‌లోని ఒక పెద్ద భవనాన్ని ఊహించండి. అందులో అనేక దుకాణాలు. ఎవరి తాళం వారిదే, ఎవరి లెక్క వారిదే. కాని పునాది, నీరు, విద్యుత్తు అందరికీ ఉమ్మడి. అట్లే ఒకే భౌతిక యంత్రంలో అనేక కల్పిత యంత్రాలు నడుస్తాయి. భవనపు యజమాని వంటి కార్యక్రమాన్ని హైపర్‌వైజర్ అంటారు. ఈ భావన కొత్తది కాదు. ఐబియం సంస్థ 1972లోనే వియం/370 అను వ్యవస్థను ప్రకటించింది. 2007లో కెవియం అను హైపర్‌వైజర్ లినక్స్ కెర్నెల్‌లో భాగమైంది.

ఇక విధానం. ఇందులో మూడు మెట్లు ఉన్నవి.

మొదటిది తగిలించుట. ఇది హైపర్‌వైజర్ వైపు జరిగే పని. కల్పిత యంత్రానికి డిస్కు ఏ మార్గాన కలుస్తున్నదో ఇక్కడ ముఖ్యం. స్కజీ, వర్ట్ఐవో మార్గాలలో నడుస్తున్న యంత్రానికి డిస్కు చేర్చవచ్చును. పాత ఐడిఇ మార్గంలో ఆ వీలు లేదు.

రెండవది గుర్తింపజేయుట. కొన్ని వ్యవస్థలలో కొత్త డిస్కు వచ్చిన సంగతి లోపలి లినక్స్‌కు దానంతట అదే తెలుస్తుంది. తెలియని చోట మనమే చెప్పవలె. స్కజీ మార్గానికి సంబంధించిన ‘స్కాన్’ అను ఫైలులో మూడు అడ్డగీతలు వ్రాస్తే చాలును. లినక్స్ ఆ మార్గాన్ని మరల వెదకి చూస్తుంది. పిదప ‘ఎల్ఎస్‌బిఎల్‌కె’ ఆదేశమిస్తే ఎస్‌డిబి అనియో, విడిబి అనియో కొత్త పేరు కనబడుతుంది.

మూడవది ఉపయోగంలోకి తెచ్చుట. ఎల్‌వియం అను ఏర్పాటు అనేక డిస్కులను ఒక ఉమ్మడి నిధిగా చేస్తుంది. ‘పివిక్రియేట్’ ఆదేశం కొత్త డిస్కును ఆ నిధికి అర్హమైనదిగా సిద్ధం చేస్తుంది. ‘విజిఎక్స్‌టెండ్’ దానిని నిధిలో కలుపుతుంది. ‘ఎల్‌విఎక్స్‌టెండ్’ నిధి నుండి మన విభాగానికి వాటా పెంచుతుంది. చివరకు ఫైల్ సిస్టం కూడ పెరగవలె. అది ఎక్స్‌ట్4 అయితే ‘రీసైజ్2ఎఫ్ఎస్’, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్ఎస్’ వాడవలె. ఈ పని సాగుతున్నంతసేపు దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. మొదటి నుండి ఎల్‌వియం లేని యంత్రంలో మాత్రం ఈ సౌకర్యం దొరకదు. అక్కడ కొత్త డిస్కును వేరొక డైరెక్టరీగా తగిలించుకొనవలసి ఉంటుంది.

మూడు మెట్లూ ఎందుకని అడిగే విద్యార్థులకు మన వీధినే చూపవచ్చును. నాంపల్లి మెట్రో స్టేషను 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. క్రింద రోడ్డు నడుస్తుండగానే పైన స్తంభాలు లేచాయి, పట్టాలు పడ్డాయి. అయినను మెట్లు, ద్వారాలు తెరచేవరకు ఒక్క ప్రయాణికుడికైనా అది ఉపయోగపడలేదు. డిస్కు తగిలించి ‘పని అయిపోయింది’ అనుకొనేవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలె.

ఇప్పుడు జాగ్రత్తలు. డేటా ఉన్న డిస్కును కొత్తదని పొరబడి సిద్ధం చేస్తే అందులోని సమాచారం నశించవచ్చును. కావున పేరుతోపాటు పరిమాణాన్ని కూడ సరిచూసుకొనవలె. ఎస్‌డిబి వంటి పేర్లు మరుసారి యంత్రం ప్రారంభమైనప్పుడు మారవచ్చును. శాశ్వత పట్టికయైన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యుయుఐడి సంఖ్యను వ్రాయడమే క్షేమం. నిధిలో చేరిన ఒక డిస్కు చెడినా మొత్తం విభాగానికే ప్రమాదం. కావున పని మొదలిడుటకు ముందే వేరుచోట నకలు ఉండి తీరవలె.

అన్నిటికంటె మోసపుచ్చే పొరపాటు మరొకటి ఉన్నది. కెవియం వ్యవస్థలో ‘వర్ష్’ ఆదేశంతో డిస్కు చేర్చేటప్పుడు ‘లైవ్’, ‘కాన్‌ఫిగ్’ అను రెండు సూచనలూ ఇవ్వవలె. మొదటిది నేటి నడకకు, రెండవది యంత్రపు స్థిరమైన వివరణకు. రెండవది మరచినా నేడు ఏ లోపమూ కనబడదు. కొన్ని నెలల తరువాత యంత్రాన్ని పూర్తిగా ఆపి ప్రారంభించిననాడు ఆ డిస్కు ఉండదు. దానితో కలిసిన విభాగమూ తెరచుకొనదు. నేటి పని విజయమా కాదా అన్నది ఆనాడు తెలుస్తుంది.

తెలుగు చెప్పుకొనే నాకు ఇక్కడ ఒక పోలిక తోస్తున్నది. ‘దరఖాస్తు’ పారసీకం నుండి వచ్చిన మాట. అది రావడానికి తెలుగు ఒక్కనాడైనా ఆగలేదు. మనం దానిని విన్నాం, గుర్తించాం, ‘దరఖాస్తులకు’ అని విభక్తి చేర్చి మన వాక్యంలో నిలిపాం. విభక్తి చేరినప్పుడే అది మన ఇంటి మాట అయింది.

ఒక మనవితో ముగిస్తాను. ఏ కళాశాల అయినను సర్వరును ఏర్పరచే మొదటి దినమే స్కజీ లేదా వర్ట్ఐవో మార్గాన్ని, ఎల్‌వియంను కోరుకొనవలె. ఆనాడు దానికి పట్టేది స్వల్ప శ్రమ. చివరి దినాన అది లేకపోతే మూల్యం చెల్లించేది ఫారం నింపుతున్న విద్యార్థియే.