పులిజూదము – జూదశబ్దార్థ విచారము

తెలుగునాట అరుగులపైనను, గుడి మండపముల బండలపైనను గీతలు గీసి ఆడుకొను ఆటలలో పులిజూదము ప్రసిద్ధము. ఇందు పాచికలు లేవు, గవ్వలు లేవు. ఒకరికి కనబడి వేరొకరికి మరుగైనది ఏదియు లేదు. సాధారణముగా 3 పులులు, 15 మేకలు ఉండును. పులి ప్రక్కనున్న మేకమీదుగా దుమికి ఖాళీ స్థానమున దిగినచో ఆ మేకను తినినట్లు. మేకలకు దుముకుట లేదు. పులులను కదలనీయక కట్టుటయే వాని గెలుపు. ఓడినవాడు అదృష్టమును నిందింప వీలులేని ఈ ఆటకు జూదమను పేరు తగునా?

జూదము ద్యూతశబ్దభవము. మనుస్మృతి నవమాధ్యాయము అప్రాణులతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులతో ఆడించునది సమాహ్వయమనియు విభజించినది. ఇచట భేదము ఆటకు సాధనమైనదానిని బట్టియే గాని అదృష్టమును బట్టి కాదు. రాళ్లను, గింజలను కాయలుగా నిలిపి ఆడు పులిజూదము ఈ విభాగమున ద్యూతపక్షముననే చేరును.

ఆధునిక న్యాయశాస్త్రము గీత వేరొకచోట గీసినది. రెజిమెంటల్ బజారువంటి పేటలతో దండు చుట్టును పెరిగిన సికిందరాబాదులో, ఒక క్లబ్బున పేకాటపై నడచిన వ్యాజ్యమునందు, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడిన ఆట యని సుప్రీంకోర్టు 1967లో నిర్ణయించినది. పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనవలెననుట అందలి యుక్తులలో నొకటి. క్లబ్బువారు ఆటపై లాభము గడించినచో నేరము కావచ్చుననియు ఆ తీర్పే హెచ్చరించినది.

రమ్మీలో ముక్కల పంపకము దైవాధీనము. ఎదుటివాని చేయి కనబడదు. అదియే కేవల జూదము కానిచో, పులిజూదము ఎంతమాత్రమును కాదు. కావున నిఘంటువులలో జూదశబ్దమునకు పందెపుటాట యను అర్థముతోపాటు, కాయలు నడిపి ఆడు ఆట యను అర్థమును వేరుగా చూపుట యుక్తము.