మన తరవాత ఏం మిగులుతుంది?



"మాలాటోలం పోతే ఏటి మిగుల్తాదండీ? ఇల్లా, భూమా?" సంస్మరణ సభల్లో ఈ మాట మీరు వినే ఉంటారు. హార్బర్లో కళాసీగా మూటలు మోసినవాళ్లు, స్టీల్‌ప్లాంట్లో కాంట్రాక్టు పని చేసినవాళ్లు, పాచిపని చేసి పిల్లల్ని చదివించిన తల్లులు ఇలాగే అడుగుతారు. దీనికి ధమ్మం ఏం చెబుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

చనిపోయాక ఆత్మ ఇంకో ఒంట్లోకి పోతుందని మనం నమ్మం. తథాగతుడు బోధించినది అనాత్మ. మరి ఏమీ మిగలదా? చేసిన పని ఫలితం మిగులుతుంది. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో కమ్మ నియమాన్ని తలరాతగా చెప్పలేదు. సమాజంలో నీతిని నిలిపే నియమంగా వివరించారు. మనిషి పోయినా అతని మంచి పని నలుగురికీ అక్కరకొస్తూనే ఉంటుంది. చెడ్డ పని కూడా అలాగే నలుగురినీ బాధపెడుతూ ఉంటుంది.

ఎవరి పుణ్యం రాత్రీ పగలూ పెరుగుతుంది? సంయుత్త నికాయంలోని వనరోప సుత్తంలో ఈ ప్రశ్న ఉంది. చెట్లు నాటినవారిది, వంతెన కట్టినవారిది, దాహానికి నీళ్లూ ఉండటానికి నీడా ఇచ్చినవారిది అని బుద్ధుడు జవాబిస్తాడు. ఇందులో రాజులకే సాధ్యమైనది ఏముంది?

భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కి చూడండి. వాననీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరొచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడి భిక్షువులు ఆ నీళ్లే తాగారు. ఉలి పట్టిన కూలీల పేర్లు మనదాకా రాలేదు. వాళ్ల పని మాత్రం కళ్లెదుటే ఉంది.

పేరు మిగిలినవాడు కూడా ఒకడున్నాడు. అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానమిచ్చిన విధికుడు. శాసనం అతన్ని 'చమ్మకార' అంటుంది, అంటే తోలు పనివాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడా చెబుతుంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరినీ ఆ దానంలో కలుపుకున్నాడు. తోలు పని చేసే చేతిని అంటరానిదన్నది తరవాతి లోకం. ఆనాటి చైత్యం ఆ చేతి దానాన్ని అందుకుని, అతని పని పేరుతో సహా రాతిమీద నిలిపింది. ఈ సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

మన ఊరి ఉక్కు సంగతీ అంతే. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ప్లాంటు కోసం ఎన్నో కుటుంబాలు ఊళ్లూ భూములూ వదులుకున్నాయి. 1992లో అది జాతికి అంకితమైంది. అక్కడి రిజర్వేషన్ ఉద్యోగంతో ఎన్ని పేటల పిల్లలు డిగ్రీలు చదివారో మీకు తెలుసు. ప్రాణమిచ్చినవాళ్లు ఆ జీతం చూడలేదు. అనుభవిస్తున్నది మనం.

అయితే ఒక జాగ్రత్త. సారా అలవాటు, కట్నం ఆశ, ఉపకులాల గొడవ, కర్మకాండల కోసం చేసిన అప్పు, ఇవి కూడా పిల్లలకు మనం వదిలి వెళ్లేవే. పంచశీలను పాటించడం మన మంచికోసమే కాదు, వాళ్లకు ఆ బరువు తగ్గించడానికి కూడా.

వచ్చే పున్నమిలోగా ఈ మూడూ చేయండి:

1. మీ ఇంట్లో పోయిన పెద్దవాళ్లు ఒక్కొక్కరు చేసిన ఒక మంచి పని నోటుబుక్కులో రాయండి. చదువురాని అమ్మమ్మ ఉంటే ఆమె చెబుతుంటే పిల్లలచేత రాయించండి.

2. ఈసారి సంస్మరణ సభలో ఆస్తి మాట వద్దు. ఆ మనిషి వల్ల ఎవరు చదువుకున్నారు, ఎవరు తాగుడు మానారు, ఎవరికి ధైర్యమొచ్చింది అని అడగండి.

3. మీరు పోయాక కూడా నడిచే పని ఒకటి మొదలుపెట్టండి. వీధిలో ఒక వేపమొక్క, విహారంలో సాయంత్రం ట్యూషన్, వేసవిలో చలివేంద్రం, ఏదైనా సరే.

ఎవరైనా మళ్లీ "ఏటి మిగుల్తాదండీ?" అని అడిగితే, ఆ నోటుబుక్కు తీసి చదివి వినిపించండి.

భవతు సబ్బ మంగళం. నమో బుద్ధాయ! జై భీమ్!