పెరటి గూళ్లను చూచు విధము

గుజరాతు రాష్ట్రమున సూరతు నగరమునకు తూర్పున నున్న బార్డోలీ పట్టణము, 1928లో సర్దార్ వల్లభభాయి పటేలు నడిపిన రైతు సత్యాగ్రహము వలన దేశమంతటికిని తెలిసినది. నేడు అచ్చటికి వెళ్లినవారికి ముందుగా కనబడునది చెరకు. చెరకు తోటల నడుమ ఈత చెట్లు, తుమ్మ చెట్లు, కాలువలు. ఇండ్ల చుట్టు మామిడి, నిమ్మ, మందార. గూడు కట్టు పక్షికి కావలసినవన్నియు ఆ కొద్ది నేలలోనే దొరకును. మగ్గముల పనికై తెలంగాణము నుండి సూరతుకు వెళ్లి స్థిరపడిన తెలుగువారు అనేకులు గలరు. వారు ఈ ప్రాంతమున చూచు పిట్టలలో చాలవరకు సొంత యూరి పిట్టలే. పేర్లు మాత్రము వేరు. మన గిజిగాడు అచ్చట సుఘరీ, మన తీతువు అచ్చట టిటోడీ.

తీతువు విషయమున పేరుతోపాటు నమ్మకమును మారినది. తెలుగుదేశమున రాత్రివేళ తీతువు కూత అపశకునమని భయపడుదురు. గుజరాతు రైతులో, అది మెట్టమీద గుడ్లు పెట్టిన వానలు మెండనియు, పల్లమున పెట్టిన వానలు తక్కువనియు లెక్క వేయుదురు. ఆ లెక్క నిజమా కాదా యను ప్రశ్న అటుండనిండు. గుడ్లను చూచినవారు వాటిని కదపక లెక్కించి వెళ్లుదురు గనుక పక్షికి మాత్రము ఆ నమ్మకము మేలే చేసినది.

తీతువు చెట్టుమీద గూడు కట్టదు. బీటినేలలోనో, పొలము గట్టుననో, మేడ డాబామీదనో నాలుగు రాళ్లు ప్రక్కకు నెట్టి, సాధారణముగా నాలుగు గుడ్లు పెట్టును. గుడ్లపై నల్లని మచ్చలుండుటచే రాళ్లకును వాటికిని భేదము తెలియదు. దాదాపు నాలుగు వారములు తల్లిదండ్రులు వంతులవారీగా పొదుగును. మే నెల యెండలో పొదుగుట యనగా వేడి నిచ్చుట కాదు, నీడ నిచ్చుట. కొన్ని వేళల పక్షి నీటికి పోయి, రొమ్ము ఈకలను తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచును. ఇట్టి వేళ డాబామీద బట్టలు ఆరవేయ వచ్చినవారు వింతగా చూచుచు నిలుచుండినయెడల, పక్షి పైన తిరుగుచు అరచుచుండును. క్రింద గుడ్లు ఎండలో మాడుచుండును. కాబట్టి తీతువు తలపై అరచుచున్నదనిన చూచువాడు అప్పటికే మితిమీరి దగ్గరకు వచ్చెనని యర్థము. వెనుకకు పోయి గోడచాటున పావుగంట కూర్చుండిన, పక్షి తానే నడచి వచ్చి గుడ్ల చోటును చూపును.

ఇతర పక్షుల గూళ్లను కనుగొనుటకును ఇదే మార్గము. కొమ్మలు వంచి వెదకుట కాదు, ముక్కును చూచుట. ముక్కున గడ్డిపోచ యున్న గూడు కట్టుచున్నది, పురుగున్న పిల్లలున్నవి, తెల్లని చిన్న తిత్తి వంటిది మోసికొని పోవుచున్న, అది పిల్లల రెట్ట, గూడు సమీపముననే యున్నది. కుట్టుపిట్ట వంగ, నిమ్మ, మందార వంటి మొక్కలలో ఆకు అంచులను సాలెపట్టుతోను దూదినారతోను కుట్టి, లోపల గూడు పెట్టును. తేనెపిట్ట గూడు వరండాలోని తీగకో తీగమొక్కకో వ్రేలాడుచు, సాలెగూటిలో చిక్కిన చెత్తవలె కనబడును. పాపము, పండుగకు ముందు బూజు దులుపువారి చీపురుకు అది బలియగుట కద్దు. చెత్త ప్రక్కన గుండ్రని రంధ్రమున్నదేమో చూచి దులుపుట మంచిది.

మనుష్యుని వాసన తగిలిన తల్లి పిల్లలను విడుచునను మాట చాలమంది నమ్ముదురు. పక్షుల విషయమున అది సరికాదు. ఈకలు రాని పిల్ల క్రిందపడిన, మెల్లగా ఎత్తి గూటిలో పెట్టవచ్చును. ఈకలు వచ్చి గంతులు వేయుచున్న పిల్లను మాత్రము పట్టరాదు. తల్లి సమీపమున నుండియే మేపుచుండును. నిజమైన అపాయము వాసన కాదు, రాకపోకలు. పదేపదే గూటి యొద్దకు పోవువానిని కాకి గమనించును, పిల్లియు గమనించును. ఫొటో కొరకు ఆకులు తొలగించిన గూటికి నీడయు పోవును, మరుగును పోవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సయితము, రక్షిత పక్షుల గుడ్లను గాని గూళ్లను గాని చెదరగొట్టుటను వేటగానే యెంచుచున్నది.

గుజరాతులో మరియొక అపాయము జనవరి 14న వచ్చు ఉత్తరాయణపు గాలిపటములు. గాజుపొడి పూసిన దారమును, నైలాన్ మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో నిషేధించినది. అయినను తెగిన దారము చెట్లలో నెలల తరబడి మిగిలి, పక్షుల రెక్కలకును కాళ్లకును ఉరియగుచున్నది. పండుగ మరునాడే పెరటి కొమ్మలనుండి ఆ దారమును తీయుట అరగంట పని.

చెరకులో పక్షులే కాదు, చిరుతపులులును గలవు. సూరతు జిల్లా తోటలలో అవి పిల్లలను పెట్టును. కోతకాలమున కూలీలకు ఆ పిల్లలు కనబడుట విన్నదే. అప్పుడు కోత నాపి, పిల్లలను ముట్టక, అటవీశాఖవారికి తెలుపవలెను. రాత్రి తల్లి వచ్చి తీసికొని పోవును.

బార్డోలీలో చూడదగిన గూళ్లలో గిజిగానిదే శ్రేష్ఠము. వానలు పడినపిమ్మట మగపక్షి చెరకు ఆకులను, గడ్డిని సన్నని పోచలుగా చీల్చి, ఈతమట్ట కొననుండి అల్లుట మొదలుపెట్టును. సగము అల్లిన తరువాత ఆడుపక్షి వచ్చి పరీక్షించును. నచ్చినగాని అది పూర్తి కాదు. నచ్చని గూళ్లు సగములోనే వ్రేలాడుచుండును. గూటిలోపల గిజిగాడు తడిమట్టి ముద్దలను అంటించుటయు నిజమే. ఆ మట్టిలో మిణుగురు పురుగులను దీపములుగా గ్రుచ్చుననునది పెద్దలు చెప్పెడి కథ. దానికి ఆధారము లేదు. పిల్లలు ఎగిరిపోయిన తరువాతను గూడు వట్టిదని తలంపరాదు. చిన్న ధాన్యపు పిట్టలు పాత గూళ్లలో చేరి కాపురము పెట్టును. గాలికి రాలి నేలబడిన గూటిని మాత్రము ఇంటికి తెచ్చి, పిల్లలచేత విప్పించి, మట్టిముద్ద ఎచ్చట నున్నదో వెదకింపవచ్చును.