తూటా గీతలు, కాంతి కోణం
తుపాకీ గొట్టం లోపల రైఫ్లింగ్ అనే మెలికల గాడులు ఉండడం వల్ల వాటి మీదుగా దూసుకుపోయే తూటాపై సన్నని గీతలు పడతాయి. ఘటనా స్థలంలో దొరికిన తూటానూ, అనుమానిత ఆయుధంతో ప్రయోగశాలలో పేల్చిన నమూనా తూటానూ ఒకే దృశ్యక్షేత్రంలో విభజన రేఖకు ఇరువైపులా చూపి ఆ గీతలను పోల్చే సాధనమే కంపారిజన్ మైక్రోస్కోప్. 1920లలో అమెరికాలో ఫిలిప్ గ్రావెల్ తుపాకుల పరీక్షకు మలచిన ఈ సాధనాన్ని, 1929 నాటి షికాగో సెయింట్ వాలెంటైన్స్ డే హత్యాకాండ దర్యాప్తులో కాల్విన్ గొడార్డ్ వినియోగించి ప్రసిద్ధికి తెచ్చారు.

పరికరం ఎంత ఖరీదైనదైనా, ఫలితాన్ని నిర్ణయించేది ప్రధానంగా కాంతి పడే కోణమే. గీతలకు అడ్డంగా, ఏటవాలుగా పడే కాంతిలో గట్లు మెరిసి గాడుల్లో నీడ నిలుస్తుంది; నిటారుగా పడితే ఉపరితలం చదునుగా తోస్తుంది. రెండు నమూనాలపైనా కాంతి ఒకే దిశ నుంచి, ఒకే తీవ్రతతో రాకపోతే ఒకవైపు గట్టు మరోవైపు గాడిలా భ్రమింపజేస్తుంది. ఆవర్ధనం, అంటే పెద్దదిగా చూపే సామర్థ్యం, సరిపోలని కటకాల జతతోనూ పొరపాటు పడే ప్రమాదం ఉంది. మెరిసే ఇత్తడి కార్ట్రిడ్జ్ తొడుగులకు మాత్రం కాంతిని పలచబరిచే తెర అవసరం. హాలోజన్ దీపాల కన్నా తక్కువ వేడినిచ్చే ఎల్‌ఈడీల వాడకం నేడు విస్తరించింది.

ఇలాంటి పోలికపై నిపుణులు కోర్టుకు ఇచ్చే అభిప్రాయానికి భారతదేశంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 39వ సెక్షన్ వర్తిస్తోంది. పూర్వ చట్టంలో ఇది 45వ సెక్షన్.