ముత్యాల మడువు: లోయలో ఒక పాఠము



మన పీణ్యలో యంత్రశాలల నడుమ పారు కాలువను మీరు ప్రతిదినము చూచుచున్నారు. దానిని మోరి యని పిలుచుచున్నారు. ఈ ప్రాంతమున బయలుదేరు పాయ యొకటి వృషభావతిలో చేరును. వృషభావతి అర్కావతిలోను, అర్కావతి కావేరిలోను కలియును. కావున మోరి యని మీరు తలచినది ఒక ఏటి పుట్టుక. నిర్మలమైన ఏటిని కన్నులార చూడనివానికి దానికి కలిగిన హాని తెలియదు. అందుచే పిన్నలును పెద్దలును కూడి నడువదగిన యొక లోయను ఇచట పరిచయము చేయుచున్నాము.

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయమున ఆనేకల్లు కలదు. అచటికి సుమారు 5 కిలోమీటర్ల దూరమున ముత్యాల మడువను అడవిలోయ యున్నది. మెట్ల వెంబడి దిగినచో కొండరాళ్ళపైనుండి జాలువారు సెలయేటిని చూడవచ్చును. ఆ నీటిబిందువులే ముత్యములు. మడువనగా లోతైన నీటిగుంట. మడుగనియు మనము వ్రాయుదుము. కన్నడమునను ఈ మాట కలదు. కాని 'ముత్యాల' యనుట తెలుగు రూపము. కన్నడమున 'ముత్తిన' యందురు. కన్నడనాట నున్న యీ లోయ తెలుగు పేరుతో పిలువబడుట గమనింపదగినది.

మెట్లు దిగుకొలది చల్లదనము తోచును. కారణమేమి? ఆకులు ఎండను అడ్డుకొనును. అంతియకాక, వేళ్ళు పీల్చిన నీటిని ఆవిరిగా విడుచును. ఆవిరి యగుటకు కావలసిన వేడిమిని ఆ నీరు చుట్టుప్రక్కలనుండి గ్రహించును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఇట్లే.

వాన వెలిసిన పిమ్మటను ఏరు పారుచుండుటకు కారణము అడవినేల. రాలిన యాకుల పొర వాన ధాటిని ఆపును. వేళ్ళ సందులలో నీరు ఇంకి, మెల్లమెల్లగా ఊటయై ఏటిని చేరును. పీణ్యలో నేల సిమెంటుచే కప్పబడియుండుటవలన వాననీరు ఇంకదు. వీధులలోని మాలిన్యమును వెంటగొని క్షణములలో మోరిలో పడును.

ఇక చెట్ల పేర్లు. మన వేప కన్నడమున బేవు, వెదురు బిదిరు, వేరు బేరు. తెలుగున పదాదియందు 'వ'కారమున్నచోట కన్నడమున తరచుగా 'బ'కారము వచ్చును. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన మాకు 'బిదిరు' మొదట కొత్తగా వినిపించినది. ఈ సూత్రము తెలిసిన పిమ్మట అది చుట్టమువలె తోచినది. కానుగను హొంగె యనియు, నేరేడును నేరళె యనియు అందురు. ఏటి యొడ్డులను కోరి పెరుగు తెల్లమద్దిని మనవారు ఏరుమద్ది యనగా, కన్నడిగులు హొళెమత్తి యందురు. హొళె యనగా ఏరే!

తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఇట్టి పేర్లలో పాఠ్యపుస్తకములయందు కనబడునవి కొన్నియే. తక్కినవి పల్లెలనుండి వచ్చిన అవ్వతాతల నోట నున్నవి. పీణ్యలో పుట్టిన బిడ్డలకు చెట్టు కనబడనిచో పేరును అడుగరు. అడుగనిచో పెద్దలును చెప్పరు. ఒక్క తరములో ఆ మాట యింట లేకపోవును. కావున అవ్వను, తాతను వెంటబెట్టుకొని వెళ్ళుడు. ఎక్కలేనివారు మెట్లపైననే కూర్చుండి చెట్లను చూపవచ్చును.

సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు వెళ్ళుట మేలు. వేసవిలో ధార సన్నగిల్లును. తడిరాళ్ళపై ఎక్కరాదు. ఆనేకల్లు ప్రాంతపు అడవులలో ఏనుగులు సంచరించును గనుక బాట విడువక, ప్రొద్దుండగనే మరలవలెను. కోతులకు ఆహారము పెట్టరాదు. కాగితమైనను అచట విడువరాదు.

అభ్యాసము

1. లోయలో చూచిన ఐదు చెట్ల పేర్లను తెలుగు, కన్నడములలో వ్రాయుము. ఎవరు చెప్పిరో ప్రక్కన గుర్తింపుము.

2. 'వ'కార 'బ'కారముల మార్పునకు మరి రెండు ఉదాహరణములను మీ కన్నడ మిత్రులనడిగి తెలిసికొనుము.

3. మీ వీధిలోని వాననీరు ఏ కాలువలో పడుచున్నదో పెద్దలతో నడచి చూచి, దాని దారిని పటముగా గీయుము.