గొడుగు కనపడితే వానేనా?

ధర్మవరం
ఆదివారం పొద్దున

చిరంజీవి అమ్మాయికి పెద్దనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం బుధవారం చేరింది. మీ పెద్దమ్మ పైకి చదివి వినిపించింది. ఆ తర్వాత పెద్దనాయన కళ్లజోడు తుడుచుకుని తనే ఇంకోసారి చదువుకున్నాడు. రెండుసార్లూ ఒకే చోట చిక్కుకున్నాడు. "అయిదో తరగతి పిల్లలు పాఠం గడగడా చదువుతారు పెద్దనాయనా, పాఠంలో లేని ప్రశ్న ఒక్కటి అడిగితే నోరు తెరవరు. వీళ్లకు ఆలోచన రాదేమో" అని రాసినావు. ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు, అప్పుడే ఆ మాట! ఆ పూట ఆయనకు అన్నం సయించలేదంటే నమ్ము.

ఉత్తరంతో పాటు నువ్వు పెట్టిన వర్క్‌షీటు చూసినాక సంగతి అర్థమైంది. "ఒక పాప గొడుగు వేసుకుని బడికి వచ్చింది. బయట వాతావరణం ఎలా ఉంది?" అని ప్రశ్న. కింద తలకిందులుగా అచ్చేసిన జవాబు: వాన పడుతోంది. నీ తరగతిలో చాలామంది "ఎండ" అని రాసినారు. నువ్వు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసినావు.

తల్లీ, ఆ పిల్లలు రాసింది తప్పెట్లయింది?

అనంతపురం సీమలో గొడుగు ఎండకు పట్టేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన కురిసే చోటు ఇది. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే బరువంతా దించుకుని ఖాళీగా మన నెత్తిమీదుగా పోతాయి. ఈశాన్యపు వానలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి వాటి బలం సగం అయిపోతుంది. జూన్, జులైలో మిగిలేది గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా. ఆ గాలిలో గొడుగు తెరిస్తే తిరగబడి పుల్లలు విరుగుతాయి. పడే నాలుగు వానలకూ రైతు గోనెసంచిని కొప్పెర చేసి నెత్తిన వేసుకుంటాడు, పిల్లోడు పుస్తకాల సంచిని చొక్కా కింద దాచుకుని పరిగెత్తుతాడు. గొడుగు బయటికి వచ్చేది మార్చిలో. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చేతిలో, సంతలో కూరగాయలమ్మే ముసలమ్మ పక్కన, ఎండలో బస్సు కోసం చంటిబిడ్డతో నిలబడిన తల్లి నెత్తిన. నీ పిల్లలు చూసిన గొడుగులు ఇవి.

ఈ గొడుగు సంగతి పెద్దనాయన టీచరుగా సర్వీసులో ఉన్నంతకాలం ఆయన్ను పీడించింది. అక్షరాల చార్టులో గొడుగు, దాని చుట్టూ నీలం చినుకులు. గైడులో గొడుగు. శిక్షణ తరగతుల్లో గొడుగు. ఒకసారి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఆయన కూడా "క్లూ ఏంటంటే గొడుగు" అని మొదలుపెడితే, మీ పెద్దనాయన లేచి నిలబడి, ఈ హాల్లో గొడుగు ఎంతమంది తెచ్చినారు, ఎందుకు తెచ్చినారు అని అడిగినాడు. ఏప్రిల్ నెల. తెచ్చిన వాళ్లందరూ నవ్వినారు. మీ పెద్దమ్మ ఈ కథ వందసార్లు విన్నానంటుంది. ఇప్పుడు పక్కనుంచి "పిల్లకు ఉత్తరం రాస్తాండావా, గొడుగు పురాణం రాస్తాండావా" అంటాంది. రాయనీ.

మబ్బుల ప్రశ్న కూడా ఇట్లాంటిదే. "ఆకాశం నిండా నల్లమబ్బులు కమ్ముకున్నాయి. తర్వాత ఏం జరుగుతుంది?" కోనసీమ పిల్లోడు వాన అంటాడు. మన పిల్లోడు "గాలి లేచి మబ్బు పోతాది" అంటాడు. బుడ్డలు విత్తి, వాళ్ల నాయన ఆ మబ్బునే చూస్తూ అరుగు మీద కూర్చున్న రోజులు వాడు చూసినాడు కాబట్టి అంటాడు. అట్లని అందరూ అదే అనాలని లేదు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు ఆ నీళ్లలోంచి బయటపడిన పిల్లోడికి మబ్బు చూస్తే తట్టేది వేరు. ఇద్దరూ ఆలోచించినవాళ్లే.

చదివినదాన్ని బట్టి చెప్పనిదాన్ని పట్టుకోవడమనేది అక్షరాలు వచ్చినంత మాత్రాన రాదు. చెప్తున్న విషయం ముందే కొంత తెలిసి ఉండాలి. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట కథనం చదవమని ఇచ్చినారు. చదవడంలో దిట్టలై ఆట తెలియనివాళ్ల కంటే, చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్లే జరిగిందంతా బాగా చెప్పగలిగినారు. అంతకు చాలా ముందు, 1931, 32 సంవత్సరాల్లో, రష్యా మనస్తత్వవేత్త లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలకు పోయినాడు. మంచు కురిసే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లవి, ఫలానా చోటు ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగులు ఏ రంగు అని చదువురాని రైతులను అడిగినాడు. చూడని చోటు గురించి మేమెట్ల చెప్తామన్నారు కొందరు. తమ బతుకుకు సంబంధించిన విషయాల్లో మాత్రం వాళ్లు చక్కగా తర్కిస్తారని ఆయనే గుర్తించినాడు. నీ పిల్లలు నోరు తెరవనప్పుడు ఆ రైతులను తలుచుకో.

గడగడా చదవడం చిన్న సంగతేమీ కాదులే. 2005 నుంచి ప్రథమ్ సంస్థ వాళ్లు 'అసర్' పేరుతో ఊరూరా తిరిగి పిల్లలతో చదివించి చూసేది ప్రధానంగా దాన్నే: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ తరగతి ఆ మెట్లెక్కేసింది. పై మెట్టు దగ్గర చాలామంది జారినారు. పీసా 2009 అనే అంతర్జాతీయ పరీక్షకు మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పోయి దాదాపు అట్టడుగున నిలిచినాయి. ఆ పరీక్షలో పేరాలోంచి మాట ఏరి రాస్తే సరిపోదు, మాటకూ మాటకూ మధ్య ఉన్నది పట్టుకోవాలి. మన పుస్తకాల్లో 'అవగాహన–ప్రతిస్పందన' అని శీర్షిక పెట్టి అపరిచిత గద్యం ఇస్తారు. గైడులు దాని కింద వేసే ప్రశ్నలు మాత్రం ఎక్కువగా "ఎవరు, ఎక్కడ, ఎప్పుడు" దగ్గరే ఆగిపోతాయి.

ఇంతకీ, పొద్దున ఏమీ తినకుండా బడికి పోతాండావా? "మధ్యాహ్నం పిల్లలతో పాటే తింటాను, గంట ఎప్పుడు కొడతారా అనిపిస్తుంది" అని రాసినావు. మూడో పేజీలో "బస్సు ఏడుకే" అని ఉంది. రెండూ కలిపి చూస్తే మీ పెద్దమ్మకు తేలింది అది. బొరుగులు డబ్బాలో పెట్టుకుంటే ఉగ్గాని ఎంతసేపు?

మీ పెద్దమ్మ చేసింది తర్కమే. మన తెలుగువాడే, 17వ శతాబ్దపు అన్నంభట్టు, పిల్లలకు తర్కం నేర్పడానికి 'తర్కసంగ్రహం' రాసినాడు. కొండ మీద పొగ చూసి నిప్పుందని ఎట్ల అంటున్నావు? వంటింట్లో రెండూ కలిసి ఉండటం చూసినావు కాబట్టి. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఆయన అక్కడితో ఆగలేదు. దీన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండాలి అంటే చెల్లదంటాడు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగేదీ? తడికట్టె తోడైతేనే పొగ. నీ వర్క్‌షీటు రాసినవాళ్లు చేసింది ఆ తిరగేసిన పనే. వాన పడితే గొడుగు వేస్తారు, సరే. గొడుగు వేసినారు కాబట్టి వాన అంటే ఎట్ల? మళ్లీ గొడుగు దగ్గరికే వచ్చినాడు పెద్దనాయన, ఏమనుకోకు.

పెద్దనాయన చదువుకున్న ఏకోపాధ్యాయ బడిలో 1960ల నాటికి వర్క్‌షీట్లు లేవు. కేర్ వాళ్ల గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి ఉండేవి. పిల్లలకు రోజంతా పని ఒకటే, అయ్యవారిని చదవడం. ఆయన చెప్పుల చప్పుడును బట్టి ఈరోజు దెబ్బలా, కథలా అని తెలిసేది. ఇస్త్రీ చొక్కా, కొత్త సుద్దముక్కలు, ఉప్మాలో ఎర్రగడ్డలు: ఈ మూడూ కనపడినాయంటే ఇన్‌స్పెక్టరు వస్తాండాడని అర్థం. ఒకరోజు మూడూ కనపడినాయి. అందరూ కాళ్లు కడుక్కుని బుద్ధిగా కూర్చున్నారు. వెనక వరసలో ఒక్కడు మాత్రం "ఇన్‌స్పెక్టరు రాడు" అన్నాడు. ఎట్ల చెప్తావురా అంటే, "వస్తే అయ్యవారు రిజిస్టరు రాస్తాడు. పొద్దుట్నుంచీ ముట్టలేదే" అన్నాడు. ఆ సాయంత్రం గుత్తి నుంచి వచ్చింది ఇన్‌స్పెక్టరు కాదు, అయ్యవారికి పిల్లనిచ్చేవాళ్లు. లేని గుర్తును కూడా లెక్కలోకి తీసుకున్న ఆ పిల్లోడు పదో తరగతి తప్పి, బెంగళూరులో మేస్త్రీ పనికి పోయినాడు. ప్రతి పరీక్షలో వాణ్ని అడిగింది పాఠంలో ఉన్న జవాబే.

ఇక పని సంగతి. గైడు పక్కన పెట్టి నువ్వే నాలుగైదు వాక్యాల దృశ్యాలు రాయి. కారణం మాత్రం రాయొద్దు. ఇట్లాంటివి:

"బెల్లు కొట్టి చాలాసేపైంది. తలుపు దగ్గర నిలబడిన పిల్లోడి కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రమన్ను, ఇంకా తడిగా ఉంది. ఎందుకు ఆలస్యమని టీచరు అడిగింది. వాడు ఉబ్బిన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు." ఎక్కడినుంచి వచ్చినాడు, జేబులో ఏముంది, ఏ నెల, రాత్రి వాన పడిందా? నాలుగింటికీ జవాబులు ఆ వాక్యాల్లోనే ఉన్నాయి, ఒక్కటీ రాసి లేదు. చివరి వాక్యాన్ని బట్టి అయిదో ప్రశ్న కూడా అడగొచ్చు: బుడ్డలు ఎవరి చేనివి?

"హాజరు పిలిస్తే పలకలేదు. పక్క పాప లేచి, వాళ్లింటికి తాళం మేడం, కోళ్లను మా ఇంట్లో ఇడిసిపెట్టి పోయినారు అంది." పెద్దవాళ్లకు ఇది వలస అని తడుతుంది, అక్కడే ఆగిపోతారు. పిల్లలు ఆగరు. కోళ్లను అమ్మలేదు, ఇడిసిపెట్టినారు, కాబట్టి తిరిగొస్తారు అంటారు. ఎప్పుడని అడుగు, ఉగాదికో ఊరి జాతరకో లెక్క కడతారు. ఈ దృశ్యం చదివేటప్పుడు తరగతిలో ఎవరి కళ్లు కిందికి వాలినాయో నువ్వు చూసుకో. వాళ్లింట్లోనూ మాట జరుగుతుండొచ్చు. వలస పోయేవాళ్ల పిల్లలు ఉండే సీజనల్ హాస్టలు గురించి ఆ తల్లిదండ్రులకు ఊరు దాటకముందే హెడ్మాస్టరుతో చెప్పించు.

మూడోది: "మధ్యాహ్నం భోజనంలో వాడు గుడ్డు తినలేదు. పక్కవాడి పళ్లెంలో పెట్టేసినాడు." ఎందుకు? ఒంట్లో బాగాలేదంటారు, అలిగినాడంటారు, పక్కవాడి బాకీ తీర్చినాడంటారు. అన్నీ బోర్డు మీద రాయి, ఏదీ కొట్టేయొద్దు. తర్వాత ఇంకో వాక్యం కలుపు: "వాడి చొక్కా నల్లగా ఉంది, మెడలో మాల ఉంది." అయ్యప్ప మాల అని తరగతంతా ఒక్కసారి అరుస్తుంది. అప్పుడు అడుగు, ముందు చెప్పినవి ఎందుకు వదులుకున్నారని. వాళ్లు చెప్పే కారణమే నువ్వు నేర్పాల్సిన పాఠం. ప్రతి జవాబుకూ "దేన్ని బట్టి చెప్తాండావు?" అని అడుగు. జవాబు ఒప్పైనా అడుగు. తప్పుకు మాత్రమే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు మార్చుకుంటారు.

దృశ్యాలు తట్టకపోతే నామిని 'ఇస్కూలు పిలకాయల కథ' తిరగెయ్యి. మనిషి చిత్తూరు వైపు వాడైనా పిల్లలు మన పిల్లలే. మన అనంతపురం బండి నారాయణస్వామి కథలు కూడా చదువు. 'శప్తభూమి' నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఆయన కూడా బడిలో పాఠాలు చెప్పినవాడే. పిల్లలకు ఆ నవల కాదులే, నీకు. మధ్యలో నవ్వొచ్చే దృశ్యాలు కూడా ఉండాలి సుమా. కరువు, వలస, ఆకలి తప్ప వేరే పాఠం లేకపోతే పిల్లలకు విసుగొస్తుంది. క్రికెట్టు రాయి. జిల్లా కేంద్రం నుంచి వచ్చే అధికారి జీపు రాయి. టీచరమ్మ కొత్త చీర రాయి, వాళ్లు ఏమేం కనిపెడతారో చూసి నువ్వే సిగ్గుపడతావు.

నువ్వు బదిలీ పెట్టుకుంటాండావని చిన్నాయన కదిరిలో ఎవరి దగ్గరో విన్నాడట. పెద్దనాయన నమ్మలేదు, అడగనూ లేదు. పెట్టుకున్నా తప్పులేదు, ఒంటరిగా అద్దె గదిలో ఉండటం కష్టమే. ఊరికే ఒక ముక్క రాయి, చాలు. గది యజమానురాలు నీళ్లు సరిగ్గా వదులుతాండాదా?

ఆ ఎండ రాసిన పిల్లల కాగితాలు పారెయ్యొద్దు. సోమవారం వాళ్లకే తిరిగిచ్చి, దేన్ని బట్టి రాసినారో కింద ఒక వాక్యం రాయమను.

ఈ ఉత్తరం తెచ్చే కండక్టరు మనవాడే. అతని చేతికి స్టీలు డబ్బాలో బుడ్డల పొడి, రెండు కొబ్బరి ఓళిగలు పంపుతాండాం. ఓళిగలు రెండు రోజుల్లో తినెయ్యి. డబ్బా మాత్రం అతని చేతికే ఇచ్చి పంపు, పోయినసారిది కూడా రాలేదని మీ పెద్దమ్మ రోజూ గుర్తుచేస్తాంది.

మీ పెద్దనాయన