వడ్డీ దినముల లెక్క

రైతు సోదరులారా! మన అనంతపురపు మెట్టపొలములలో తొలకరి జాడ చూచి వేరుసెనగ విత్తుటకు మీరు అప్పు తెత్తురు. తెచ్చిన తేదీయు, తీర్చిన తేదీయు రసీదులలో నుండును. నడుమ గడచిన దినములను మాత్రము నెలలుగా వ్రేళ్లు మడిచి లెక్కించుట మేము పలుమారు చూచితిమి. నష్టము అచ్చటనే కలదు.

ఉదాహరణము: 2024 జూన్ 10న నూటికి సాలుకు 7 రూపాయల వడ్డీకి 36,500 రూపాయలు తెచ్చి, 2025 ఫిబ్రవరి 5న తీర్చితిరనుకొనుడు. వ్రేళ్ల లెక్కకు జూన్ మొదలు ఫిబ్రవరి వరకు 9 మాసములు. వడ్డీ 1,916 రూపాయల 25 పైసలు. నిజముగా గడచినవి 240 దినములే. సాలు 365 దినములు గనుక దినవడ్డీ 7 రూపాయలు, మొత్తము 1,680. భేదము 236 రూపాయలకు పైన!

ఈ లెక్కను కంప్యూటరులోని ఎక్సెల్ పట్టికలో కట్టు విధము:

1. ఏ1 గడిలో అప్పు తేదీని, బి1 గడిలో చెల్లింపు తేదీని వ్రాయుడు.
2. సి1 గడిలో సమానపు గుర్తు వేసి, బి1 నుండి ఏ1 తీసివేయుడు.
3. జవాబు తేదీవలె కనబడినచో ఆ గడిని సంఖ్యారూపమునకు మార్చుడు.

యంత్రమునకు తేదీ యనగా 1900 జనవరి 1 మొదలుకొని వేసిన వరుససంఖ్యయే. కావుననే తీసివేత చాలును.

ఒక హెచ్చరిక. యంత్రము అమెరికా పద్ధతిని నెలను ముందుగా చదివినచో 10-06 అక్టోబరు 6 అగును, 05-02 మే 2 అగును. 240కి మారు 208 వచ్చును. నెలను అంకెతో గాక ఇంగ్లీషు పేరుతో వ్రాసిన ఈ పొరపాటు రాదు.

వాన లేని దినములను లెక్కించునపుడు మొదటి దినమును చేర్చవలెను గనుక, జవాబునకు ఒకటి కలుపుడు.

లెక్క సరిచూచిన పిదపనే పైకము చెల్లింపుడు.